వాన్‌లో వేడినీళ్లు

కళ్లద్దాల కొట్టు ముందు, వాన్‌లోంచి
సోమవారం

బావమరిదికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా పది వేళ్లు తప్ప.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో సగం మాటలు నాకు వినపడవు, మిగతా సగం నువ్వు చెప్పవు. కాగితం మీదైతే ఇద్దరికీ సుఖం.

చలి మొదలైంది. కిటికీల అద్దాలు కడిగే నా పని నీకు తెలిసిందే. వాన్ వెనక నాలుగు వందల లీటర్ల ట్యాంకు, పంపు, చుట్ట చుట్టిన పైపు, పొడుగ్గా లాగితే రెండో అంతస్తు దాకా అందే కర్ర, దాని చివర బ్రష్షు. నిచ్చెన ఎక్కే బాధ తప్పిందని ఒకప్పుడు నీ ముందే గొప్పలు పోయాను. ఇప్పుడేమో ఆ కర్ర వెంబడి చన్నీళ్లు కారి, చొక్కా చేతిలోకి దూరి, చంక దాకా వస్తున్నాయి. పొద్దున్న పదయ్యేసరికి వేళ్లు తెల్లగా పాలిపోతాయి. కర్ర పట్టుకున్నానో లేదో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. మధ్యాహ్నం మీ అక్క లాండ్రీలోంచి బయటికొచ్చి, ఇస్త్రీ చేసి చేసి కాలిన చేతులతో నా వేళ్లు పట్టుకుంటుంది. అప్పుడు రక్తం దిగుతుంటే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

ఈ మధ్య మా పనివాళ్లు కొందరు వాన్‌లోనే హీటరు పెట్టించుకుంటున్నారు. డీజిలుతో మండుతుందట, పైపులోంచి గోరువెచ్చని నీళ్లు వస్తాయట. నువ్వు ఇరవై ఏళ్లు పడవలకీ వాన్‌లకీ హీటర్లు బిగించిన మనిషివి. ఒక్క ఆదివారం వచ్చిపో. సాయంత్రానికి నీ పని అయిపోతుంది, మీ అక్క చేతి భోజనం అదనం.

నీ బావ

*

గోదాము గేటు గది
శుక్రవారం

బావా,

ఉత్తరం అందింది. నా నడుము సంగతి తెలిసి కూడా వాన్ కింద దూరమంటున్నావు. ఆ పని మానేసి మూడేళ్లయింది. పనిముట్లు ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

రబ్బరు చేతితొడుగులు రెండు జతలు పంపుతున్నాను. లోపల ఉన్ని ఉంటుంది. ముందు అవి వేసుకుని చూడు.

హీటరు మాట వదిలెయ్. అందరూ పెట్టించుకుంటున్నారని మనమూ పెట్టించుకోవాలనేముంది. అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది

*

పాత బ్యాంకు వెనక వీధి, వాన్‌లోంచి
గురువారం

బావమరిదికి,

చేతితొడుగులు అందాయి. చాలా మంచివి. నీళ్లు లోపలికి రానిస్తాయి కానీ ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వవు. రోజంతా రెండు చిన్న బకెట్లలో చేతులు పెట్టుకుని తిరిగినట్టుంది.

ఇక వేళాకోళం చాలు. జరిగింది చెబుతాను, మీ అక్కకి చెప్పకు. మంగళవారం బ్యాంకు రెండో అంతస్తు తుడుస్తున్నాను. కర్ర ఎప్పుడు జారిందో నాకు తెలియలేదు. చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. తల దించి చూస్తే కిందపడి ఉంది. రెండడుగుల అవతల ఒకావిడ చంటిబిడ్డ బండి. ఆవిడ నన్ను తిట్టలేదు. నా చేతుల వంక చూసి, బండి తిప్పుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఆ రోజు అన్నం తినగలిగేవాణ్ణి.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. చన్నీళ్లు మానమన్నాడు, లేదా పని మానమన్నాడు. ఇంకో చలికాలం ఇలాగే గడిపితే కుడిచేతి రెండు వేళ్లు తీసేయాల్సి వస్తుందన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను, వినపడక కాదు.

యాభై ఆరేళ్లొచ్చాయి. చెవుడు. వేళ్లు కూడా పోతే నన్ను దేనికి పెట్టుకుంటారు? నీలా గేటు దగ్గర కూర్చోవాలన్నా హారను వినపడాలి కదా. పంతొమ్మిదేళ్లుగా ఈ వీధులు పట్టుకుని తిరుగుతున్నాను. పళ్ల డాక్టరు కిటికీలో పగులు ఎక్కడుందో, కళ్లద్దాల కొట్టులో ఏ అద్దానికి జిగురు ఊడిందో ఆ యజమానులకంటే నాకే బాగా తెలుసు. ఇది తప్ప నాకు ఇంకేదీ రాదు.

అందుకని హీటరు తెచ్చేశాను. రేవులో పాత పడవ విరగ్గొడుతుంటే అందులోంచి తీసిందే. పనిచేస్తోంది, వెలిగించి చూపించారు. గోనెల కింద దాచాను. నువ్వు రాలేకపోతే ఎలా బిగించాలో రాసి పంపు, చదువుకుని చేసుకుంటాను.

అన్నట్టు, నడుము నొప్పి మనిషి రోజంతా అంత బరువు ఇనుప గేటు ఎలా తోస్తున్నాడని మీ అక్క అడిగింది. జవాబు నువ్వే రాయి.

నీ బావ

*

గోదాము గేటు గది
మంగళవారం

బావా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. రెండు వేళ్ల మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. జాగ్రత్తగా చదువు.

హీటరుని డ్రైవరు సీటు వెనక, ట్యాంకుకి పక్కగా నేలకి బిగించు. రేకుకి కాదు, కింద చట్రం ఉన్నచోట. లేకపోతే వారంలో ఊగి ఊడుతుంది.

నీళ్లు ముందు ఫిల్టరులోంచి పోవాలి, ఆ తర్వాతే హీటరులోకి. తిరగేశావంటే వేడికి ఫిల్టరు పాడై అద్దాల మీద తెల్ల చారలు పడతాయి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

పంపు నడుస్తున్నప్పుడే హీటరు వెలగాలి. ముందు పంపు, తర్వాత మంట. ఆపేటప్పుడు ముందు మంట, తర్వాత పంపు. ఈ వరస చొక్కా జేబు మీద రాసుకున్నా తప్పులేదు.

వేడి నలభై దాటనివ్వకు. మంచు పట్టిన అద్దం మీద మరిగే నీళ్లు పోస్తే అద్దం పగులుతుంది. ముందు అంచుల మీద పోసి, అద్దం కాస్త అలవాటుపడ్డాక మధ్యలోకి రా.

బ్యాటరీ నుంచి వచ్చే తీగకి ఫ్యూజు పెట్టు. పాత పైపు వేడికి మెత్తబడుతుంది, కొత్తది వేసుకో. బొమ్మ గీసి వెనక కాగితం మీద పెట్టాను.

పొగ గొట్టం సంగతి నీకు వేరే చెప్పేదేముంది, బయటికి వదలాలి.

నీ బావమరిది

*

లాండ్రీ వెనక సందు, వాన్‌లోంచి
బుధవారం

బావమరిదికి,

నీ చేతికి కాదు, నీ చేతిరాతకి దణ్ణం పెట్టాలి.

ఆదివారం నుంచి ఆదివారం దాకా పట్టింది. రెండుసార్లు పైపు తిరగేసి బిగించాను, ఒకసారి నా మీదే నీళ్లు చిమ్మాయి. మీ అక్క బయటికొచ్చి చూసి, ఇదంతా ఎప్పటినుంచి అని అడిగింది. చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, లోపలికెళ్లి టార్చిలైటు తెచ్చి పట్టుకుని నుంచుంది.

సోమవారం పళ్ల డాక్టరు కిటికీతో మొదలుపెట్టాను. కర్ర వెంట గోరువెచ్చని నీళ్లు కారి మోచేతి దాకా వచ్చాయి. చొక్కా తడిసిందని సంతోషించిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. వేళ్లు ఎర్రగా, నావే అన్నట్టుగా ఉన్నాయి. రోజూ తొమ్మిది ఇళ్లు చేసేవాణ్ణి, ఇప్పుడు పన్నెండు అవుతున్నాయి. మనిషిని మాత్రం బాగా అలిసిపోతున్నాను. వయసు కదా.

మధ్యాహ్నం భోజనానికి ఈ సందులోకే వస్తాను. మీ అక్క నాతో పాటు తిని పన్నెండున్నరకి మళ్లీ ఇస్త్రీకి పోతుంది. నేను తలుపులు బిగించుకుని, పైపు కొస ట్యాంకులోనే పెట్టి పంపూ హీటరూ మెల్లగా నడిపించుకుని, రెండింటి దాకా కునుకు తీస్తున్నాను. ఎన్నేళ్లకి ఇంత వెచ్చగా పడుకున్నానో. లేచాక తల దిమ్ముగా, బరువుగా ఉంటోంది. నిన్న కాస్త వాంతి వచ్చినట్టయింది. ఒక్కసారిగా ఇంత సుఖం ఒంటికి పడలేదేమో అనుకున్నాను.

ఒక్కటే లోటు. పొగ గొట్టానికి లోపల మూల తిరిగేచోట అతుకు ఉంది చూడు, దాని చుట్టూ బిగించే స్క్రూ క్లిప్పు సరిపడేది దొరకలేదు. ప్రస్తుతానికి ఇనుప తీగ చుట్టి మెలిపెట్టాను. వెనకటికి మా ఇంటి బాయిలరుకి నువ్వు అలాగే కట్టి, రేపు మారుద్దాంలే అన్నావు, గుర్తుందా? నీ దగ్గర నేర్చుకున్న పనే. నేనూ రేపో మాపో మారుస్తాను.

నేలలో ఆ గొట్టం దిగే కన్నం చుట్టూ చలిగాలి కొడుతోంది. రేపు పాత గుడ్డలు కుక్కి మూసేస్తాను. వెనక తలుపు సందులకి కూడా అట్టముక్కలు కోసి ఉంచాను.

నీ బావ

*

గోదాము గేటు గది
శనివారం, సాయంత్రం

బావా,

ఇది నీకు చేరేసరికి నువ్వు చదివే స్థితిలో ఉంటావని అక్క ఫోన్‌లో చెప్పింది. నేను ఆమెని మూడుసార్లు అడిగాను.

నీ ఉత్తరం మధ్యాహ్నం ఒంటిగంటకి నా చేతికొచ్చింది. తీగ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. గడియారం చూస్తే నువ్వు పడుకునే వేళ. నీకు ఫోన్ చేసి లాభం లేదని లాండ్రీకి చేశాను. ఎవరో ఎత్తి, ఆవిడ పనిలో ఉంది, తర్వాత చేయమన్నారు. ఎప్పుడూ గొంతు పెంచని నేను అరిచాను. అక్క వచ్చింది. వాన్ తలుపు తియ్యి, బావని బయటికి లాగు అన్నాను. ఎందుకని అడగకుండానే పరిగెత్తింది. ఫోన్ అలాగే వేలాడుతుంటే అవతల ఇస్త్రీ ఆవిరి చప్పుడు వింటూ ఇరవై నిమిషాలు నుంచున్నాను. గేటు దగ్గర లారీలు హారన్లు కొట్టాయి, తీయలేదు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను.

నా నడుముకి ఏ నొప్పీ లేదు. ఎప్పుడూ లేదు.

మూడేళ్ల కిందట కత్తులకి సానపట్టే ఆయనకి వాన్‌లో హీటరు బిగించాను. రోజంతా చక్రం ముందు కూర్చుంటే కాళ్లు కొయ్యబారిపోతున్నాయని వచ్చాడు. అంతా బిగించాక పొగ గొట్టం అతుక్కి సరిపడే క్లిప్పు పెట్టెలో లేదు. కొట్టు మూసేసే వేళ. తీగ చుట్టాను. రేపు వచ్చి మారుస్తానన్నాను. రేపు ఇంకో పని వచ్చింది, ఎల్లుండి వాన. తొమ్మిదో రోజున ఆయన మధ్యాహ్నం తిని, తలుపులు వేసుకుని పడుకున్నాడు. అతుకులోంచి వాసన లేని విషపు గాలి వాన్ నిండా నిండింది, మళ్లీ లేవలేదు.

విచారణకి వచ్చినవాళ్లు పాత బండి, తుప్పు పట్టిన గొట్టం అని రాసుకున్నారు. ఆ తీగ అప్పటికే కాలి ఊడిపోయింది, ఎవరి కంటా పడలేదు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆ వారమే పనిముట్లు కట్టేసి ఈ గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

నీకు ఫిల్టరు గురించి రాశాను, ఫ్యూజు గురించి రాశాను, అద్దం పగులుతుందని కూడా రాశాను. గొట్టం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఆ ఒక్క పేజీ రాయాలంటే ఆయన గురించి రాయాలి. అందుకే ఒక్క లైనుతో దాటేశాను. చింపిన మూడు ఉత్తరాల్లోనూ ఆ పేజీ ఉంది బావా. నీకు పంపినదాంట్లోనే లేదు.

హీటరు ముట్టుకోకు. వాన్‌లో పడుకోకు.

నీ బావమరిది

*

ఇంటి ముందుగది, మంచం మీంచి
గురువారం

బావమరిదికి,

బతికే ఉన్నాను. తలనొప్పి తగ్గింది. రెండు రోజులు ఆసుపత్రిలో మూతికి గాలి గొట్టం పెట్టి కూర్చోబెట్టారు.

ఆ రోజు నాకేమీ తెలియదు, మీ అక్క చెప్పిందే రాస్తున్నాను. తలుపులకి లోపల గడియ వేసుకున్నాను. ఆవిడ బాదింది, అరిచింది. నా చెవికి ఏం వినపడుతుంది? సందులోంచి వెనక్కి పరిగెత్తి, లాండ్రీలోంచి ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి డ్రైవరు పక్క అద్దం మీద వేసింది. ఒక్క దెబ్బకి పగల్లేదట, మూడు పట్టాయట. నేను ఆ పొద్దున్నే దాన్ని శుభ్రంగా తుడిచాను. పంతొమ్మిదేళ్లు ఊళ్లో అద్దాలన్నీ జాగ్రత్తగా చూసుకుంటూ వచ్చినవాడికి దక్కిన మర్యాద ఇది. చేయి కాల్చుకుంది ఆవిడ. ఇప్పుడు నా వేళ్లు పట్టుకోవడానికి ఒక చెయ్యే ఉంది.

నీ ఉత్తరం మొదటిసారి చదివి పక్కన పడేశాను. కోపమొచ్చింది. రెండు రోజులు అలాగే ఉంది. నడుము నొప్పి పేరుతో మూడేళ్లు మాకు కబుర్లు చెప్పావని కాదు. నన్ను నమ్మి ఒక పేజీ రాయలేకపోయావని. ఆ తర్వాత నా సంగతి ఆలోచించాను. కర్ర జారిందని మీ అక్కకి చెప్పకూడదని నీకు రాసింది నేనే కదా. ఇద్దరం ఒక్క బాపతే.

తీగ కట్టింది నేను. గుడ్డలు కుక్కింది నేను. నువ్వు బాయిలరుకి కట్టావని నేనూ కట్టాను, ఆ మాట మాత్రం నిజం. దానికి నిన్ను ఏమీ అనను. అనకుండా ఉండటం కూడా నాకు రావడం లేదు.

డాక్టరు మళ్లీ వేళ్లు చూశాడు. వారం రోజుల వేడినీళ్లకే రంగు తేరుకున్నాయట. అందుకని ఆ హీటరు నాకు కావాలి. నీకు భయమైతే నాకు అంతకంటే భయం, అయినా కావాలి. పోయినసారి రమ్మని అడిగాను. ఈసారి అడగడం లేదు, రమ్మంటున్నాను. నీ చేత్తో బిగించు.

కింద మీ అక్క రాస్తానంటోంది.

తమ్ముడూ, నువ్వు చేసిన ఫోన్‌కి నేను బతికినంతకాలం రుణపడి ఉంటాను. ఆ సానపట్టే ఆయనకి భార్య ఉందా? ఆమెకి తెలుసా? ఆదివారం రా. అన్నం వండి పెడతాను. చేయి కాలింది కాబట్టి కూర నువ్వే తరగాలి.

*

బస్సు స్టాండు బెంచీ మీద
సోమవారం

బావా,

నిన్న మీ ఇంట్లో ఎక్కువ మాట్లాడలేకపోయాను. అలవాటు తప్పింది. అందుకే దారిలోనే రాస్తున్నాను.

పనిముట్ల పెట్టె అటక మీద, నేను పెట్టిన చోటే ఉంది. తుప్పు కూడా పట్టలేదు. గొట్టం మొత్తం ఊడదీసి, లోపల అతుకే లేకుండా ఒకే ముక్కగా నేలలోంచి బయటికి, వెనక చక్రం దాటించాను. హీటరు దగ్గర బిగించింది స్టీలు క్లిప్పు. బిగించాక పదకొండుసార్లు చూశానని అక్క లెక్కపెట్టింది. నువ్వు పక్కనే నుంచుని ఒక్కసారి కూడా చాల్లే అనలేదు. దానికి చాలా థాంక్సు బావా.

విషపు గాలి పసిగట్టే అలారం పెడితే నీకు వినపడదని నవ్వుకున్నాం కదా. ఎర్రదీపం వెలిగేది పెట్టాను, డ్రైవరు ముందు అద్దం మీద నీ కళ్ల ముందే ఉంటుంది. వాన్‌లో పడుకోవు, సరే. అయినా ఉండనీ.

క్లిప్పులు రెండు కొన్నాను. ఒకటి మిగిలింది, జేబులో వేసుకున్నాను.

పొద్దున్న బస్సు దారిలో ఆ సానపట్టే ఆయన ఊరు వచ్చింది. మూడేళ్లుగా ఆ స్టాపు వస్తే కళ్లు మూసుకునేవాణ్ణి. ఈసారి దిగాను. అక్క అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు నాకు తెలుసు. ఉంది. తెలియదు.

ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, వాకిట్లో ఇంకా ఆ సానచక్రం ఉంది, మీద గుడ్డ కప్పి. ఆయన భార్య తలుపు తీసి, కత్తులకి సానపట్టడం మానేశామండీ అంది. దానికి రాలేదని చెప్పాను. గుమ్మం బయటే నుంచుని మొత్తం చెప్పాను. క్లిప్పు లేకపోవడం, తీగ, రేపు వస్తానన్న మాట, తర్వాత వాన. క్షమించమని అడగలేదు.

చివరికి ఒక్కటే అడిగింది.

"క్లిప్పంటే ఎంతుంటుంది?"

జేబులోంచి తీసి చేతిలో పెట్టాను. అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. స్క్రూ మీద వేలు పెట్టి చూసింది.

"ఇంతేనా," అంది.

ఔనన్నాను. ఆమె గుప్పిట మూసింది. తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను నడుచుకుంటూ బస్సు స్టాండుకి వచ్చాను.

నీ బావమరిది